భయస్తుడికి మంచె మీద చోటు

ఎత్తులో పనిచేసేవాళ్లు కింద పడకుండా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో రాయడం నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. వెల్లింగ్టన్‌లో చిన్న కంపెనీ. ఇళ్ల కప్పులు వేసేవాళ్లకీ, చెట్ల కొమ్మలు నరికేవాళ్లకీ పంచిపెట్టడానికి పలచటి పుస్తకాలు తయారుచేసేవాళ్లం. నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు కాళ్లూ ఒక చెయ్యీ గానీ, రెండు చేతులూ ఒక కాలూ గానీ ఎప్పుడూ నిచ్చెనను అంటుకునే ఉండాలి. నడుముకీ తొడలకీ వేసుకునే హార్నెస్ పట్టీలు వదులుగా ఉండకూడదు. తాడు తలకంటే పైన కట్టాలి. ఇవన్నీ నేను రాసినవే. స్పష్టంగా రాస్తానని మా మేనేజరు నలుగురిలో మెచ్చుకునేవాడు కూడా. నేను మాత్రం స్టూలు ఎక్కేవాణ్ని కాను.

ఎత్తంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. కళ్లు తిరగడం, తల దిమ్మెక్కడం లాంటివేమీ ఉండవు. అరికాళ్లు జివ్వుమంటాయి, అంతే. ఆఫీసు పై అంతస్తులో ఉండేది. సముద్రం కనబడే కిటికీ పక్క సీటు ఇస్తామన్నారు. నాకు ఫొటోకాపీ మిషను పక్కనే బాగుంటుందని అడిగి మరీ అక్కడ కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

మేం ఉండేది లోవర్ హట్‌లో. వెల్లింగ్టన్‌లో ఇళ్లు కొండలమీద ఉంటాయి, రోడ్డు నుంచి గుమ్మం చేరడానికి మెట్లు, మెట్లు, ఇంకా మెట్లు. లోవర్ హట్ లోయలో ఉంది, నేల బల్లపరుపు. అద్దె తక్కువనీ, రైలు స్టేషను దగ్గరనీ అందరికీ చెప్పేవాళ్లం. మా ఆవిడ కూడా అదే చెప్పేది. అసలు సంగతి తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఇంట్లో బల్బు పోతే ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని తనే మార్చేసేది. నేను కుర్చీ పట్టుకునేవాణ్ని.

నిజానికి ఈ దేశం వచ్చింది కూడా ఆవిడే. ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగం వచ్చి గుంటూరు నుంచి ఆవిడ వచ్చింది, ఆవిడ వెంట నేనొచ్చాను. ఎముకల వార్డులో పని. ఆ వార్డుకి చాలాకాలం హెడ్ నర్సుగా చేసిన కివీ పెద్దావిడ, మా ఆవిడ చేరిన కొంతకాలానికి రిటైరయింది. భర్త పోయి చాలా ఏళ్లయిందట. కొండకు అవతల, వైరరపా వైపు, ఆవిడకు గొర్రెల పొలం ఉంది. ఆ పొలం మీదకి జింకలు వచ్చి పడేవి. మన దేశంలో జింకను కొడితే జైలు. అక్కడ కొట్టకపోతే పక్క రైతులు పలకరించడం మానేస్తారు. ఆవిడ కొట్టేది. కొట్టిన వాటిలో ఒక తొడ మా ఇంటికి పంపేది.

మా ఆవిడ దాన్ని మేకమాంసం వండినట్టే వండింది, అల్లం వెల్లుల్లి పట్టించి, కొబ్బరి వేసి, సన్నసెగ మీద మధ్యాహ్నమంతా ఉడికించి. పెద్దావిడ రెండోసారి వడ్డించుకుని తింది. తర్వాత, "నా జింకల్ని ఇన్నేళ్లూ నేను వృథా చేశాను" అంది. అక్కడినుంచి వాళ్లిద్దరి స్నేహం ముదిరింది. సెలవు దొరికితే మా ఆవిడ పొలానికి వెళ్లేది. మొదట చూడడానికి, తర్వాత తుపాకి పట్టుకోవడానికి, ఆ తర్వాత కాల్చడానికి. ఇంజక్షన్ చేసే చెయ్యి కదా, వణకదని పెద్దావిడ అనేది.

తుపాకి లైసెన్సుకి పెట్టుకుంటే మా ఇంటికి ఒకాయన వచ్చి భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగాడు. అక్కడ పద్ధతి అది.

"మీ ఆవిడ చేతిలో తుపాకి ఉండడం మీకేమైనా భయంగా ఉందా?" అన్నాడు నన్ను.

"లేదండీ. నా భయాలు వేరే ఉన్నాయి" అన్నాను.

ఆయన నవ్వి రాసుకున్నాడు. లైసెన్సు వచ్చింది.

మా తెలుగు ప్రార్థన కూటంలో ఆదివారం తలా ఒక గిన్నె తెచ్చుకుని భోంచేసేవాళ్లం. జింక కూర అడుగంటా ఊడ్చేసేవారు. ఎవరు కొట్టారు అని ఎవరూ అడగలేదు. నా వీపు తట్టి, "ఏం బ్రదర్, వేటగాడివయ్యావే" అనేవారు. నేను నోరు తెరిచేలోపు ఇంకొకాయన ఏ తుపాకి అని అడిగేవాడు. మా ఆవిడ వైపు చూస్తే ఆవిడ కూర వడ్డిస్తూ, "చెప్పండి, అడుగుతున్నారుగా" అనేది. ఆవిడకి అది మంచి కాలక్షేపం. పాతికమందిలో ఒక్కరికీ నర్సు చేతిలో తుపాకి ఊహకందలేదు. నా చేతిలో అందింది. నన్ను చూసి కూడా.

అలా ఉండగా పెద్దావిడకి తుంటి ఎముక మార్చే ఆపరేషన్ అయింది. తను నడిపిన వార్డులోనే పడుకుంది, నర్సులందర్నీ తిడుతూ. నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అక్కడ వచ్చిపడింది నాకు.

మన చేలల్లో పిట్టల్ని తోలడానికి మంచె వేస్తాం చూడండి, అలాంటిదే వాళ్లకీ ఉంది. ట్రీ స్టాండ్ అంటారు. పెద్ద పైన్ చెట్టుకి ఇనప నిచ్చెన ఆనించి, పట్టీలతో బిగించి, పైన ఇద్దరు కూర్చునే బల్ల, కాళ్లకింద జాలీ పలక. పైన కూర్చుంటే జింకకి మనిషి వాసన తెలియదు, కాల్చిన గుండు నేలలోకే పోతుంది. ఆ మంచెమీద ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదని పెద్దావిడ నియమం. ఒకరు తుపాకితో, ఇంకొకరు చుట్టూ కనిపెట్టుకుని. ఇప్పుడు ఆ ఇంకొకరు మంచం మీద ఉంది.

"ఏవండీ, మీరు రావాలి" అంది మా ఆవిడ.

"నేనా? నీకు తెలిసే అంటున్నావా?"

"నాకు తెలుసు. ఆవిడకీ చెప్పాను."

"చెప్పావా!"

"చెప్పకపోతే ఎలా నేర్పుతుందండీ? పేషెంటు హిస్టరీ తెలియకుండా మందిస్తారా?"

నేను రానని చాలా రోజులు అన్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు. ఫ్రీజర్లో ఆఖరి పొట్లం అయిపోయాక, ఆదివారం పప్పుచారు గిన్నె పట్టుకెళ్లాం. "ఏం బ్రదర్, గురి తప్పిందా?" అన్నారు అందరూ. ఆ మాట పడడం కంటే చెట్టుమీంచి పడడమే నయమనిపించింది. నా ధైర్యమంతా అంతమాత్రం కారణంతోనే మొదలయింది.

వైరరపాకి వెళ్లాలంటే రిముటకా కొండ దాటాలి. మెలికల రోడ్డు, ఒక పక్క లోయ. కారు ఆవిడే నడిపింది. నేను కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు గురక కూడా కలిపాను. "మీరు నిద్రలో ఎప్పుడూ గురకపెట్టరు" అంది ఆవిడ గేరు మారుస్తూ.

పెద్దావిడ చెట్టుకింద మడత కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో టీ ఫ్లాస్కు, చేతిలో కర్ర. నేను చెట్టు చూశాను. నిచ్చెన చూశాను. చివర చూడలేదు.

"నువ్వు ఎత్తుల మీద పుస్తకాలు రాస్తావటగా" అంది.

"రాస్తానండీ."

"మంచిది. అయితే నేను నేర్పక్కర్లేదు. మొదట ఏం చెయ్యాలని రాశావు?"

"ఎక్కేముందు పట్టీలు, నిచ్చెన, చెట్టు పరీక్షించాలని."

"పరీక్షించు మరి."

చుట్టూ తిరిగాను. పట్టీ ఎక్కడైనా చివికిందా, ఎలకలు కొరికాయా, నిచ్చెన కాళ్లు గట్టినేలమీద ఉన్నాయా, చెట్టు పచ్చిగా ఉందా ఎండిందా. జాగ్రత్తగా చూశాను, ఎందుకంటే ఏదో ఒక లోపం దొరుకుతుందనీ, దొరికితే ఇంటికి వెళ్లిపోవచ్చనీ గట్టి ఆశ. ఒక పట్టీ అంచు కాస్త పీచు లేచింది. సంతోషంగా చూపించాను. పెద్దావిడ వంగి చూసి, "శభాష్, నేను చూడలేదు" అని సంచిలోంచి కొత్తది తీసి ఇచ్చింది.

హార్నెస్ వేసుకున్నాను. ఎన్నోసార్లు బొమ్మలు గీయించి పక్కన వివరాలు రాసిన వస్తువు. మొదటిసారి ఒంటిమీద వేసుకునేసరికి తొడల పట్టీల్లో కాళ్లు తిరగేసి దూర్చాను. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు మాత్రం కదిలాయి.

ఎక్కమంటుందేమోనని చూస్తున్నాను. ఎక్కమనలేదు. నా తాడుని తల పైనున్న కొమ్మకి కట్టించి, "ఇప్పుడు కాళ్లు పైకెత్తు" అంది.

"ఇక్కడేనా? నేలమీదేనా?"

"ఇక్కడే. తాడు నిన్ను మోస్తుందో లేదో నీ ఒంటికి తెలియాలి. బుర్రకి తెలిసి లాభం లేదు."

మోకాళ్లు ముడిచాను. పాదాలు గడ్డి వదిలాయి. నేలకి జానెడెత్తున వేలాడుతూ మెల్లగా గుండ్రంగా తిరిగాను. కంచె అవతల గొర్రెలు మేత ఆపి చూశాయి. నేను పడలేదు. ఇది నేను అచ్చువేయించిన సంగతే, అయినా అబ్బురపడ్డాను. పట్టీలు తొడల్ని ఎంతలా కోస్తాయో మాత్రం నేనెక్కడా రాయలేదు. పైన పడి ఇలా వేలాడాల్సి వస్తే ఎక్కువసేపు ఉండకూడదనీ, రక్తం ఆడదనీ, వీలైనంత త్వరగా కాళ్లకి నిచ్చెన మెట్టు అందించుకోవాలనీ పెద్దావిడ చెప్పింది. అది నేను రాసిందే. ఎందుకు రాశానో అప్పుడు తెలిసింది.

ఆ రోజు రెండు మూడు మెట్లు ఎక్కాను. నిచ్చెన పక్కనే పైనుంచి కిందిదాకా ఒక తాడు వేలాడుతుంది, దానిమీద జారే ముడికి మన పట్టీ తగిలించుకుంటాం. మనం ఎక్కినకొద్దీ ముడిని పైకి జరుపుకోవాలి. జారితే ముడి బిగుసుకుని ఆపేస్తుంది. నేను ముడి జరిపి, మెట్టు ఎక్కి, ఆగాను. అరికాళ్లు జివ్వుమన్నాయి.

"భయంగా ఉందండీ" అన్నాను.

"ఉండనీ. చేతులు పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నాయి."

"అయితే అక్కడే ఉండు. నీ భయానికి విసుగొచ్చేదాకా ఉండు."

ఉన్నాను. ఆవిడ టీ తాగింది. మా ఆవిడ ఆవిడకి ఇంకో కప్పు పోసింది. వాళ్లు వార్డులో ఎవరికో పెళ్లి కుదరడం గురించి మాట్లాడుకున్నారు. నన్ను పట్టించుకున్నవాళ్లు గొర్రెలు తప్ప ఎవరూ లేరు. కాసేపటికి నిజంగానే విసుగొచ్చింది. భయం పోలేదు, కానీ దానితోపాటు కాళ్లు లాగడం, ఆకలి, చలి కూడా వచ్చి చేరి దాని విలువ తగ్గించేశాయి. దిగమంది. దిగాను.

అలా చాలా శనివారాలు. ప్రతిసారీ ఇంకో మెట్టో రెండు మెట్లో. "నా వార్డుకొచ్చిన వేటగాళ్లలో గుండు తగిలినవాణ్ని నేను చూడలేదు. అందరూ పడ్డవాళ్లే. అందులోనూ తాడు తగిలించుకోవడం మర్చిపోయినవాళ్లే" అనేది పెద్దావిడ. ఆ పడ్డవాళ్ల ఎముకలు ఎక్కడెక్కడ విరిగాయో నేను నిచ్చెనమీద ఉన్నప్పుడే వర్ణించేది. మనసు మళ్లించడానికి అనుకుంటాను.

పైన బల్లమీద మొదటిసారి కూర్చున్నది ఒక చలికాలపు సాయంత్రం. ముందు నేను ఎక్కి, చెట్టుకి కట్టిన పై తాడుకి నన్ను తగిలించుకుని, ఆ తర్వాతే కింద తాడు విప్పుకున్నాను. నా వెనక మా ఆవిడ వచ్చింది. తుపాకి ఖాళీ చేసి, మూతి కిందికి ఉండేలా ఇంకో సన్నతాడుకి కట్టి ఉంచింది, పైన కుదురుకున్నాక లాక్కుంది. తుపాకి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కకూడదు. అదికూడా పెద్దావిడ నియమమే.

"ఏవండీ, కళ్లు తెరవండి" అంది మెల్లగా.

"తెరిచే ఉన్నాయి."

"లేవు. నా వెనకవైపు మీరు చూడాలి. కళ్లు మూసుకుంటే జింకలు కనబడవు."

తెరిచాను. పాదాల కింద జాలీ, జాలీ కింద గాలి, గాలి కింద మడత కుర్చీ, కుర్చీలో పెద్దావిడ తలమీద ఉన్ని టోపీ. దక్షిణపు గాలి కొట్టినప్పుడు చెట్టు ఊగింది. చెట్లు ఊగుతాయని నాకు తెలుసు, కానీ నేను వాటిమీద ఉండగా ఊగుతాయని ఎవరూ చెప్పలేదు. పెద్దావిడ ఇంట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి ఏటి పక్క రెల్లులోంచి రెండు జింకలు తలలెత్తి వచ్చాయి. నేనే ముందు చూశాను. చూసి, మా ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నాను.

"చూశాను. చెయ్యి వదలండి" అంది గుసగుసగా.

"వదలను."

"అది కాల్చే చెయ్యండీ."

"తెలుసు. అయినా వదలను."

జింకలు తీరిగ్గా మేసి, నీళ్లు తాగి వెళ్లిపోయాయి. వాటి ప్రాణాలు కాపాడిన పుణ్యం నాదే. తిరుగు దారిలో ఆవిడే కారు నడిపి కొండ దాటించింది. తర్వాత, "పైదాకా వచ్చారు కదా, అది చాలు" అంది. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

వసంతం వచ్చేసరికి నేను ఆవిడ చెయ్యి పట్టుకోకుండానే కూర్చోగలిగాను. ఫ్రీజరు మళ్లీ నిండింది. కూటంలో నా పేరు మళ్లీ మోగింది. దానితో ఒక అంకుల్‌కి సరదా పుట్టింది. ఆయనది కోనసీమ, మా వీధికి రెండు వీధుల అవతల డెయిరీ నడిపేవాడు. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, రొట్టె, పాలు, పేపరు అమ్మే చిన్న కొట్టు. మంచి మనిషి, పెద్ద గొంతు, దేనికీ బెదరడు. ఏం కాదులే అనడానికి కివీలు "షీల్ బీ రైట్" అంటారు. ఆయన ఆ మాట నేర్చుకుని ఊతపదం చేసుకున్నాడు.

"బాబూ, ఈసారి నన్నూ తీసుకెళ్లు. నువ్వెలా కొడతావో చూడాలి" అన్నాడు.

"వర్షం పడుతుందేమో అంకుల్" అన్నాను. మా ఆవిడ మాత్రం, "తప్పకుండా రండి అంకుల్" అంది.

శనివారం ఉదయం ముగ్గురం వెళ్లాం. అప్పటికి పెద్దావిడ కర్ర లేకుండా నడుస్తోంది, అయినా నిచ్చెన ఎక్కడానికి లేదు. ఆ రోజు వేట లేదనీ, అంకుల్ పైకెక్కి చూసి దిగితే చాలనీ తేల్చింది. తుపాకి ఇంట్లో బీరువాలోనే ఉండిపోయింది. హార్నెస్ చేతికిస్తే అంకుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొబ్బరి చెట్లెక్కి పెరిగినవాణ్నమ్మా, నాకు ఈ పట్టీలేంటి? షీల్ బీ రైట్!"

పెద్దావిడకి ఆఖరి ముక్క అర్థమైంది. "నా వార్డులో సగంమంది ఆ మాట అన్నాకే వచ్చారు" అంది. "పట్టీలు వేసుకుంటే చెట్టు. లేకపోతే నా వరండా, కేకు కూడా ఉంది."

అంకుల్ వేసుకున్నాడు. వదులుగా ఉంటే ఆవిడే దగ్గరికొచ్చి బిగించింది. ఆయన ఊపిరి బిగబట్టి, "ఈవిడ మా అత్తగారికంటే గట్టిగా ఉందే" అన్నాడు తెలుగులో.

నేను ముందెక్కి బల్లమీద కుదురుకున్నాను. అంకుల్ బయల్దేరాడు. వేగంగా ఎక్కేస్తున్నాడు, ముడి మాత్రం పెద్దావిడ కిందనుంచి అరిస్తే గానీ జరపట్లేదు. నాకు దగ్గరగా వచ్చాక ఆగి, కిందకి తిరిగాడు. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా మా ఆవిడ చేతికిచ్చి ఉంచాడు.

"అమ్మాయ్, తియ్యమ్మా! చెట్టు మొత్తం రావాలి!" అని కుడిచెయ్యి ఊపాడు. ఊపి, ఇంకా బాగుంటుందనుకున్నాడో ఏమో, ఎడమ చెయ్యి కూడా ఎత్తాడు.

మంచుకి మెట్లు తడిగా ఉన్నాయి. కాళ్లు జారాయి. ముడి గట్టిగా బిగుసుకుంది, చెట్టు ఒక్కసారి అదిరింది. అంకుల్ నిచ్చెన పక్కన, నా కాళ్లకి కాస్త కింద, తాడుకి వేలాడుతున్నాడు. రెండు చేతులూ తాడుని కరుచుకున్నాయి.

మా ఆవిడ నిచ్చెన దగ్గరికి పరిగెత్తింది. పెద్దావిడ ఆపేసింది. నిజమే, పైకి రావడానికి ఉన్నది ఆ ఒక్క తాడే, దానికి అంకుల్ బరువు ఉంది. తాడు లేకుండా ఆవిడ ఎక్కితే పడేవాళ్లు ఇద్దరవుతారు. ఆయనకి దగ్గర్లో ఉన్నది నేనొక్కణ్నే.

నేనేం ఆలోచించలేదు. నా పై తాడు ఒకసారి లాగి చూసుకుని, పలకమీద బోర్లా పడుకుని, తల అంచు బయటపెట్టి తిన్నగా కిందకి చూశాను. అంకుల్ మొహం బూడిదరంగులో ఉంది.

"బాబూ, నన్ను వదలకురా" అన్నాడు.

"నేను పట్టుకోలేదు అంకుల్. తాడు పట్టుకుంది. అది వదలదు. ముందు ఎడమ చెయ్యి నిచ్చెనకి వెయ్యండి."

"చెయ్యి రావట్లేదు."

"వస్తుంది. నిచ్చెన మీ మోచేతి పక్కనే ఉంది. నన్ను చూడకండి, చేతిని చూడండి. ఆఁ, అదీ. పట్టుకోండి. ఇప్పుడు రెండో చెయ్యి. ఇప్పుడు ఎడమకాలు. మెట్టు మీ మోకాలి దగ్గరుంది, కాస్త పైకెత్తండి. తొందరలేదు."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మా కంపెనీ పుస్తకాల్లో ఉండే గొంతు అది. చదువుతుంటే నిద్రొచ్చేలా ఒక్కో వాక్యం. కాలు మెట్టు మీద ఆనింది. రెండో కాలు. ఆయన బరువు నిచ్చెన మీదకి వచ్చింది, బిగుసుకున్న ముడి వదులైంది. "ముడి కిందికి జరపండి. ఇప్పుడు ఒక మెట్టు" అంటూ కిందిదాకా దింపాను. మా ఆవిడ ఆయన్ని పట్టుకుని గడ్డిమీద కూర్చోబెట్టి, నాడి చూసి, తొడలు నెమ్మదిగా రాసి, బొటనవేళ్లు కదపమంది. కదిపాడు. ఒళ్లు కమిలింది తప్ప ఏమీ కాలేదు.

అప్పుడు నేనెక్కడున్నానో గమనించాను. బోర్లా, తల గాలిలో, చెట్టు సగంనుంచి నేలకేసి చూస్తూ. ఇంతసేపూ ఆలస్యమైన భయమంతా కలిపి ఒక్కసారి వచ్చింది. పలకని కావలించుకున్నాను. నేను దిగేసరికి వాళ్లు వరండాలో కేకు తినడం పూర్తిచేశారు.

వెళ్లేముందు పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. "వచ్చేవారం నువ్వు రా. ఆయన రాకపోయినా ఫర్వాలేదు."

"ఎందుకండీ?"

"ఆయనకి భయం లేదు."

"ఇప్పుడుందండీ. చూశారుగా."

"అది సోమవారానికి పోతుంది. నీది పోదు. చెట్టుమీద కూర్చోబెట్టడానికి నాకు అలాంటివాడే కావాలి."

ఇన్నేళ్లుగా నేను దాచిపెట్టుకున్న దానికి ఎవరైనా ఉద్యోగం ఇస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ అన్నదే నిజం. సోమవారం దాకా కూడా ఆగలేదు. ఆదివారం కూటంలో అంకుల్ లేచి సాక్ష్యం చెప్పాడు. లోయ అంచున వేలాడినట్టు, అదృశ్య హస్తం ఒకటి తనని ఎత్తి పట్టుకున్నట్టు, గాలిలో తను ధైర్యంగా కీర్తన పాడినట్టు. అందరూ ఆమెన్ అన్నారు. "మన బ్రదర్ కూడా అక్కడే ఉన్నాడు" అని నన్ను చూపించాడు. దానికీ కొందరు ఆమెన్ అన్నారు. భోజనాల దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గించి, అంటే హాలు మొత్తానికి వినబడేలా, అసలు రహస్యం బయటపెట్టాడు. తుపాకి లైసెన్సు అమ్మాయి పేరునే ఉందట, జింకల్ని కొట్టేది అమ్మాయేనట, బ్రదర్ పక్కన కూర్చుంటాడట, అంతేనట. ఆంటీలందరూ మా ఆవిడ చుట్టూ మూగారు. నాకు వరసలో ఆఖరున మిగిలిన ముక్కలు దొరికాయి, ఎక్కువగా బొమికలు. పక్కన కూర్చోవడం ఎంత పనో చెబుదామనిపించింది, కానీ ఎవరూ నావైపు చూడట్లేదు.

ఆ తర్వాత వచ్చిన శరదృతువులో, మగజింకలు అరిచే రోజుల్లో, ఒక సాయంత్రం మంచెమీద ఉన్నాం. గాలి లేదు. రెల్లులోంచి ఒంటరిగా ఒక మగజింక వచ్చి, మా ఎదురుగా పక్కకి తిరిగి నిలబడింది. అది జింకేనని ఇద్దరం విడివిడిగా చూసి తల ఊపుకున్నాం, దాని వెనక గట్టు ఉందనీ చూశాం. మా ఆవిడ ఊపిరి వదులుతూ కాల్చింది. అది నిలబడ్డచోటే కూలింది. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. ఆవిడ చూసి నవ్వింది.

ఆవిడ తుపాకి ఖాళీ చేసి తాడుతో దించింది, తను దిగింది, నేను పైనుంచి ముడిని కనిపెట్టుకుని ఉన్నాను. పెద్దావిడ వరండా నుంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. ఇదివరకు జింక పొట్ట చీల్చి శుభ్రం చేసే పని ఆవిడదే. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుని నావైపు తలెత్తారు.

"ఏవండీ, ఆవిడ నడుం వంగట్లేదు. నాకు రేపు పొద్దున్నే డ్యూటీ, చేతికి వాసన పట్టుకుంటే పోదు. ఈ పని మీరు నేర్చుకోవాలి. దిగండి" అంది మా ఆవిడ.

పెద్దావిడ చేతిలో కత్తి మెరిసింది. పొడవైనదేం కాదు. దానితో ఏం చెయ్యాలో, ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొయ్యాలో, లోపలివి ఏ వరసలో బయటికి తియ్యాలో నన్ను చూస్తూ గట్టిగా, ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది.

నేను చుట్టూ చూశాను. పొద్దు కొండల వెనక్కి దిగుతోంది. ఏరు మెరుస్తోంది, దూరంగా గొర్రెలు తెల్లగా కనబడుతున్నాయి. ఇక్కడ గాలి చాలా హాయిగా ఉంది.

"దిగుతున్నారా లేదా?" అంది మా ఆవిడ.

"ముడి ఒకసారి సరిచూసుకోవాలి. తొందరపడకూడదు" అన్నాను.

ముడి చూసుకున్నాను. బాగానే ఉంది. అయినా ఇంకోసారి చూసుకున్నాను.